కనుపాపను చూచు దీపము

హైదరాబాదు నగరమును విడిచి ఉత్తరమునకు పోవువారికి రెండు పెద్ద బాటలు కలవు. ఒకటి మేడ్చలు మీదుగా నిజామాబాదు వైపు సాగి నాగపూరు చేరును. రెండవది శామీర్‌పేట చెరువు ప్రక్కగా కరీంనగరమునకు పోవును. మొదటిది చిరకాలము 7వ జాతీయ రహదారి. 2010లో దేశమందలి రహదారుల సంఖ్యలు మారిన పిమ్మట 44వది యైనది. రెండవదానిని రాజీవ్ రహదారి యందురు. ఈ రెండు బాటల నడుమ దేవరయాంజాలు అను గ్రామము కలదు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమైన 108 అత్యవసర సేవ ఈ గ్రామమున ప్రధాన స్థానమును నెలకొల్పుకొనినది. అష్టోత్తర శతమును జపమాలలో లెక్కించు జనులకు ఆ సంఖ్యను గుర్తుంచుకొనుటలో శ్రమ లేకపోయెను.

ఆ సేవను స్థాపించినవారు సత్యం కంప్యూటర్స్ సంస్థకు చెందిన రామలింగరాజు కుటుంబమువారు. 2009 జనవరిలో ఆ సంస్థ లెక్కలలోని మోసము బయటపడినపుడు అత్యవసర సేవ కూడ నిలిచిపోవునేమో యని ప్రజలు భయపడిరి. అట్లు జరుగలేదు. అదే సంవత్సరము జి.వి.కె. సంస్థ దాని భారమును స్వీకరించెను. నేడది ఇ.ఎం.ఆర్.ఐ. గ్రీన్ హెల్త్ సర్వీసెస్ అను పేరుతో నడచుచున్నది. వాహనము నడుపువానిని ఆ సేవలో డ్రైవరనరు, పైలటు అందురు. వాని ప్రక్కనుండువాడు అత్యవసర వైద్య సహాయకుడు.

ఈ సేవ చరిత్రను సమగ్రముగా వ్రాయుట మా ఉద్దేశము కాదు. మా దృష్టి అంతకంటె చాల చిన్న వస్తువు మీద నిలిచినది. వాహనము ఆగిన పిమ్మట తలుపు తెరచి దిగు సహాయకుని జేబులోనుండు టార్చిలైటు అది. మన పల్లెలలో దానిని బ్యాటరీ యనియే పిలుతురు.

వాహనములోపల దీపములు చాలినన్ని కలవు. కాని రోగి వాటి క్రింద ఉండడు. రహదారి ప్రక్క కాలువలో పడియుండును. పొలము గట్టున పండుకొనియుండును. కరెంటు పోయిన మేడలో మూడవ అంతస్తున ఉండును. అతనిని వాహనము చేర్చులోపల గడచు నిమిషములందు సహాయకుని కంటికి ఆధారము అరచేతిలోని ఆ వెలుగే. అట్టి దీపమును ఎట్లు ఎన్నుకొనవలెను? అంగడివాడు మిక్కిలి కాంతిగలదానిని చూపును. చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది.

టార్చిలైటు రాకపూర్వము తెలంగాణపు ఇండ్లలో రాత్రివేళ రోగిని చూచుటకు కందిలియో, ఎక్కబుడ్డియో ఉండెడిది. రెంటికిని గ్యాసు నూనెయే ఆధారము. ఊరేగింపులకు దివిటీలు, పెండ్లిండ్లకు పెట్రోమాక్సులు వెలిగెడివి. 1900 ప్రాంతమున సికిందరాబాదు నుండి మేడ్చలు మీదుగా మన్మాడు వరకు నిజాము రైలు నడచినపుడు దారికి వెంట వచ్చిన గార్డుల చేతిదీపములును నూనె దీపములే. ఈ దీపములన్నిటికిని ఒక లోపము సమానము. వాటిని ఆర్పి మరల వెలిగించుటకు అగ్గిపుల్ల కావలెను. గాలికి జడియును. పొగ చిమ్మును. పట్టుకొనుటకు మరియొక మనిషి కావలెను. ఆ మనిషి రోగి ముఖము చూచి భయపడినచో దీపము కూడ వణకును.

క్రిమియా యుద్ధ కాలమున, 1854 నవంబరులో, ఫ్లారెన్స్ నైటింగేలు టర్కీ దేశపు స్కుటారి ఆసుపత్రికి చేరెను. రాత్రులందు గాయపడిన సైనికుల మంచముల నడుమ ఆమె తిరిగిన దీపము జగద్విఖ్యాతమైనది. చిత్రకారులు ఆమె చేతికి అరేబియా కథలలోని అల్లావుద్దీను దీపమువంటి దానిని ఇచ్చిరి. నిజమునకు ఆమె పట్టినది ఫానూసు అను టర్కీ లాంతరు. లోపల కొవ్వొత్తి, చుట్టును మడతలుగా ముడుచుకొను గుడ్డ. అనగా అది మడచి తీసుకొనిపోదగిన దీపము. నిద్రించుచున్న రోగిని మేలుకొలుపదు. మేలుకొన్నవాని ముఖమును చూపును. చిత్రకారుల దీపము కంటె ఈ గుడ్డ లాంతరే మాకు ఎక్కువ గౌరవపాత్రముగా తోచుచున్నది.

ఐనను ఫానూసు చేయలేని పని యొకటి కలదు. దానిని గ్రహించుటకు కొంత వెనుకకు పోవలెను.

కంటి నడుమనుండు నల్లని రంధ్రమును కనుపాప యందుము. వెలుగు పడినపుడు అది ముడుచుకొనును, చీకటిలో విచ్చుకొనును. ఇది మన ఇచ్ఛ చేత జరుగునది కాదు. 1751లో ఎడింబరో నగర వైద్యుడు రాబర్టు వైట్, కంటి లోపలి పొరను వెలుగు తాకుటయే దీనికి కారణమని విశదపరచెను. మెదడులో నీరు చేరిన ఒక బాలుని యందు ఈ చలనము నశించుటను గమనించి, కనుపాప కదలికకు మెదడుతో సంబంధము కలదని చెప్పినవాడును అతడే. 1869లో అదే నగరపు ఆర్గిల్ రాబర్ట్‌సన్, దగ్గరి వస్తువును చూచునపుడు ముడుచుకొనుచు వెలుగునకు మాత్రము చలింపని కనుపాపలను వర్ణించెను. అవి సిఫిలిసు రోగము నాడీమండలమునకు పాకినదనుటకు గుర్తులని పిదప తేలినది. ఈ నడుమ 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలి భాగమును చూచు యంత్రమును కనుగొనెను. ఇట్లు పందొమ్మిదవ శతాబ్దమున వైద్యులు కంటి ద్వారా మెదడును చదువ నేర్చిరి.

అట్లు చదువుటకు కావలసిన వెలుగు ఎట్టిది? అది గొప్ప వెలుగు కానక్కరలేదు. అకస్మాత్తుగా రావలెను, ఒక కంటి మీదనే పడవలెను, అకస్మాత్తుగా పోవలెను. కొవ్వొత్తి ముఖమంతయు పరచుకొనును. దానిని దూరము జరిపినను చీకటి నెమ్మదిగానే వచ్చును. వైద్యుడు రోగి కంటిని అరచేతితో మూసి తెరచుచు కిటికీ వెలుగుతో పరీక్షింపవలసి వచ్చెడిది. రాత్రి పొలము గట్టున కిటికీ ఎక్కడిది?

1866లో ఫ్రాన్సు దేశపు లెక్లాంషే, తుత్తునాగము, బొగ్గు కడ్డీ, మాంగనీసు భస్మము, నవాసాగరపు నీరు కలిపి ఒక విద్యుత్ ఘటమును చేసెను. మంచిదే, కాని అది గాజు పాత్ర, లోపల ద్రవము. ఒరిగినచో ఒలికిపోవును. 1886లో జర్మనీ దేశపు కార్ల్ గాస్నరు ఆ ద్రవమును ముద్దగా మార్చి, తుత్తునాగమునే పాత్రగా చేసి మూత వేసెను. అదియే పొడి ఘటము, మనము సెల్లు అనునది. దానిని తలక్రిందు చేసినను ఒలుకదు. 1899 జనవరి 10వ తేదీన అమెరికాలో డేవిడ్ మిసెల్ అనువానికి, గొట్టములో వరుసగా పేర్చిన సెల్లులు, ముందు చిన్న బల్బు, వెనుక అద్దము గల చేతి దీపమునకు పేటెంటు లభించెను. హక్కు అతడు పనిచేసిన కాన్రాడ్ హ్యూబర్టు గారి సంస్థకు చేరినది. ఆ సంస్థయే తరువాత ఎవరెడీ యైనది. మొదటి దీపములను కొన్నిటిని న్యూయార్కు పోలీసులకు ఉచితముగా ఇచ్చి వాడి చూడుమనిరట.

ఆనాటి సెల్లు దుర్బలము, బల్బులోని బొగ్గు తీగె తిండిపోతు. కొద్ది క్షణములు వెలిగించి ఆర్పి, సెల్లుకు విశ్రాంతి ఈయవలసి యుండెను. అమెరికా వారు దీనికి ఫ్లాష్‌లైటు, అనగా మెరుపు దీపము, అని పేరు పెట్టుటకు ఇదియే కారణము. కొనినవారికి ఇది లోపము. వైద్యునకు ఇదియే వరము. మెరసి ఆరిపోవు వెలుగు కొరకే గదా అతడు ఎదురు చూచుచుండినది! 1910 ప్రాంతమున టంగ్‌స్టను తీగె గల బల్బులు వచ్చి ఆ లోపము తొలగెను, మీట మాత్రము మిగిలెను. టార్చిలైటు వైద్య పరికరమగుటకు దాని కాంతి కంటె దాని మీటయే ప్రధాన కారణమని మా నిశ్చయము.

ఎవరెడీ సెల్లులు మన దేశమునకు 1905లో వచ్చినవి. తెలుగువారి విషయమునకు వచ్చినచో, 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ నెల్లూరు జిల్లాలో నిప్పో పేరిట సెల్లులను చేయ మొదలిడెను. రాత్రి నీరు పెట్టుటకు పొలమునకు పోవు రైతు చేతిలో కఱ్ఱయు, బ్యాటరీయు జంటయైనవి. ఆ జంట విషజంతువుల నుండి కాపాడిన ప్రాణములను ఎవరును లెక్కింపలేదు. ఇచ్చట ఒక విషాదమును కూడ స్మరింపవలెను. మన దేశమున ఎవరెడీ సెల్లులను, టార్చిలను అమ్మిన యూనియన్ కార్బైడ్ ఇండియా సంస్థయే భోపాలులో పురుగుమందుల కర్మాగారమును నడపెను. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి అచ్చట నుండి విషవాయువు వెలువడి వేలమంది మరణించిరి. మండుచున్న కన్నులతో ఆసుపత్రులకు పరుగెత్తి వచ్చిన జనులను చూచిన వైద్యుల చేతులలోని టార్చిలు ఆ సంస్థ చేసినవే యైయుండిన ఆశ్చర్యము లేదు.

1959లో పాల్ లెవాటిన్ అను అమెరికా నేత్ర వైద్యుడు ఒక పరీక్షను ప్రకటించెను. టార్చిని ఒక కంటి నుండి రెండవ కంటికి, మరల మొదటి కంటికి ఊపుచు చూచుటయే ఆ పరీక్ష. ఒక కంటి నాడి చెడిన యెడల, వెలుగు దాని మీదికి వచ్చినపుడు కనుపాపలు ముడుచుకొనుటకు మారుగా విచ్చుకొనును. పరీక్ష పేరులోనే టార్చి నిలిచిపోయినది. 1974లో గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను వైద్యులు స్పృహ లోతును అంకెలతో కొలుచు పద్ధతిని ఏర్పరచిరి. కన్నులు తెరచుట, మాటలాడుట, అవయవములను కదల్చుట అను మూడింటికి అంకెలు వేసి కలుపుదురు. మొత్తము 3 నుండి 15 వరకు ఉండును. 2018లో ఆ లెక్కకు కనుపాపల చలనమును కూడ చేర్చు మార్గమును చూపిరి. చలింపని ప్రతి కనుపాపకు ఒక్కొక్క అంకె తీసివేయుదురు.

మేడ్చలు, శామీర్‌పేట సీమలో ఈ పరీక్షకు పని లేని రాత్రులు తక్కువ. పూర్వము ద్రాక్ష తోటలకు ఈ ప్రాంతము పేరుపడినది. నేడు తోటల నడుమ కర్మాగారములు, శామీర్‌పేట దగ్గర ఔషధ పరిశోధనశాలలు, వాటిని చుట్టి పోవు బాహ్యవలయ రహదారి వెలసినవి. లారీలు, ద్విచక్ర వాహనములు, పశువులు ఒకే చీకటిలో తిరుగును. తలకు దెబ్బ తగిలి పడినవాడు మొదట మాటలాడును, పిదప మగతలో పడును. కపాలము లోపల రక్తము చేరి మెదడును క్రిందికి నెట్టినపుడు మూడవ కపాల నాడి నలిగి, సాధారణముగా ఆ ప్రక్క కనుపాప విచ్చుకొని వెలుగునకు కదలక నిలిచిపోవును. ఇది కాలము మించుచున్నదను గుర్తు. మెదడు శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికే పోవలెనని సహాయకుడు నిర్ణయించుటకు ఈ ఒక్క గుర్తు ఎంతో తోడ్పడును.

పురుగుల మందు త్రాగిన వాని కనుపాపలు ఇందుకు విరుద్ధముగా రెండును గుండుసూది మొనలంతగా ముడుచుకొనును. నోట చొంగ, ఒంటి మీద చెమట, ఊపిరితిత్తులలో నీరు కూడ చేరును. త్రాగినదేమో చెప్పుటకు బంధువులు వెనుకాడుదురు, కన్నులు దాచవు. నల్లమందు జాతి మత్తుమందులు కూడ కనుపాపలను ఇట్లే ముడుచును గనుక చెమట, చొంగ, ఊపిరి కలిపి చూడవలెను. ఇక కట్లపాము మాట. నేల మీద నిద్రించువానిని రాత్రివేళ కరచును. గాటు కనబడకపోవచ్చును, నొప్పి కూడ ఉండకపోవచ్చును. తెల్లవారుసరికి కనురెప్పలు వాలిపోవుట మొదటి గుర్తు. రెప్ప ఎంత వాలినదో చూచుటకును మెత్తని వెలుగే కావలెను. కఠినమైన వెలుగునకు ఎవడైనను రెప్పలు దించును గదా!

ఇంతవరకు వెలుగు లేమి కథ. ఇక వెలుగు మితిమీరిన కథ. 1993లో జపానులో నకమురా గారు ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించెను. అందుకు మూలమైన పరిశోధన చేసిన అకసాకి, అమానో గార్లతో కలిసి 2014లో ఆయన నోబెల్ బహుమానము పొందెను. నీలి దీపము మీద పసుపు పచ్చని పూత పూసినచో తెల్లని వెలుగు వచ్చును. దీనికి 1991లో వాణిజ్యమునకు వచ్చిన లిథియం అయాన్ సెల్లు తోడయ్యెను. రెండు పెద్ద సెల్లుల పాత టార్చి ఇచ్చిన వెలుగు సుమారు 10 ల్యూమెనులు. నేడు బొటనవ్రేలంత లావు గల దీపము 1000 ల్యూమెనులు చిమ్ముచున్నది. పందిని తరుముటకు, పోయిన దూడను వెదకుటకు ఇది దివ్యమైనదే. దీనిని మూర్ఛిల్లినవాని కంటిలో వేసినచో? అతడు ఏ మాత్రము స్పృహలోనున్నను రెప్పలు బిగించును. ఒక కంటి మీద వేసిన వెలుగు ముఖమంతయు పరచుకొని రెండవ కంటిని కూడ తాకును. ఏది దేనికి చలించినదో తెలియదు. పరీక్షించువాని కన్నులు చెదరి, మరుక్షణము చీకటిలో గోతిని కూడ చూడలేడు.

వెలుగు రంగు మరియొక చిక్కు. చవుక ఎల్.ఇ.డి. వెలుగులో నీలము హెచ్చు, ముదురు ఎరుపు తక్కువ. ఊపిరి చాలని వాని పెదవులు నీలి రంగు తిరుగుటను, రక్తము తగ్గినవాని గోళ్లు పాలిపోవుటను కంటితో గుర్తింపవలెనన్న, వెలుగులో ఎరుపు ఉండితీరవలెను. అది లేనిచో ఆరోగ్యవంతుడు కూడ శవమువలె కనబడును, కామెర్ల పసుపు దాగిపోవును. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములవారు 1997లోనే ఆసుపత్రి దీపములకు ఈ నీలిమను గుర్తింపగల గుణమును కొలుచు ప్రమాణమును విధించిరి. అరచేతి దీపమును కొనువారు ఇంత ఆలోచింపరు.

మా అభిప్రాయమున, సహాయకుడు జేబులో ఉంచుకొనదగిన దీపమునకు మొదటి పరీక్ష ఇది: మీట నొక్కగానే మొదట వచ్చు వెలుగు మిక్కిలి సన్నదై యుండవలెను. గట్టి వెలుగు కావలసినచో మరల నొక్కవచ్చును. అంగడిలోని దీపములు పెక్కు ఇందుకు విరుద్ధముగా మొదటనే కన్ను చెదరగొట్టును. కొన్నియైతే తటతట మినుకుమినుకుమని ఆడును. ఆ ఆట అత్యవసర వైద్యమున అనర్థము. రెండవది, వర్ణములను సరిగా చూపు గుణము పెట్టె మీద అంకెతో వ్రాసియుండును. అది 90కి పైబడినదానిని కోరవలెను. మూడవది సెల్లు. రీఛార్జి చేయు లిథియం సెల్లు బలముగలదే. కాని అర్ధరాత్రి అది అయిపోయినచో మేడ్చలు బస్టాండు అంగడిలో దొరకునది పెన్సిలు సెల్లు మాత్రమే. లిథియం సెల్లును విడిగా జేబులో నాణెములతోను, తాళపుచెవులతోను కలిపి ఉంచినచో మంట పుట్టు ప్రమాదము కూడ కలదు. కావున ఒక్క పెన్సిలు సెల్లుతో నడచు దీపమునకే మా మొగ్గు. ఆ సెల్లును నెలల తరబడి కదల్పక వదలినచో కారి దీపమును తినివేయును. అప్పుడప్పుడు తీసి చూచుట మేలు.

పెట్టె మీది గొప్పలను ఎట్లు నమ్మవలెను? 2009లో అమెరికా టార్చి తయారీదారులు ఎఫ్.ఎల్.1 అను కొలత పద్ధతిని ఏర్పరచుకొనిరి. అందు వెలుగు నిలుచు కాలము, మొదటి కాంతి పదవ వంతునకు తగ్గువరకు లెక్కింపబడును. అనగా పది గంటలని వ్రాసిన దీపము చివరి గంటలలో మిణుగురు కావచ్చును. ఈ సంగతి తెలిసినవాడు మోసపోడు.

పట్టు విషయమున పెద్దగా చెప్పవలసినది లేదు. చేతి తొడుగుతో వెదకినను మీట తగులవలెను. జేబులో తనంతట వెలిగి వేడెక్కకుండ అడ్డు ఉండవలెను. రక్తము, వాంతి అంటినపుడు తుడిచి శుద్ధి చేయుటకు వీలుగా ఒడలు నున్నగా నుండవలెను. గీతలు, గాట్లు, గుడ్డ సంచులు మురికికి నెలవులు. సెల్‌ఫోను దీపము చాలదా యని కొందరు అడుగుదురు. డాక్టరుతో మాటలాడుచున్న ఫోనునే రోగి కంటి వద్దకు ఎట్లు తెత్తురు? దాని వెలుగు కూడ ముఖమంతయు కప్పును. వాహనములోనే ప్రసవము జరుగు సమయములు 108 సేవలో అరుదు కావు. రెండు చేతులును పనిలో నుండు అట్టివేళ నుదుటికి కట్టు దీపమే శరణ్యము. జేబు దీపము దానికి మారు కాదు, అది దీనికి మారు కాదు.

పరీక్ష విధానమును గూర్చి ఒక్క మాట. దీపమును ఎదుట నుండి కాక కణత వైపు నుండి తీసుకొనిరావలెను. ఎదుట నుండి తెచ్చినచో రోగి దగ్గరి వస్తువును చూచినట్లగును, దాని చేతనే కనుపాప ముడుచుకొనవచ్చును. వెలుగు వేయకముందే రెండు కనుపాపల పరిమాణమును సరిచూచుకొనవలెను. ఆరోగ్యవంతులు కొందరికి కూడ స్వల్ప భేదముండును. వృద్ధులకు కంటి శస్త్రచికిత్స వలన ఆకారము మారియుండును. ఇంటివారిని అడిగినచో చెప్పుదురు. చూచినదానిని చూచిన గడియతో సహా కాగితము మీద వ్రాయవలెను: రాత్రి 2 గంటల 10 నిమిషములు, కుడి 3 మిల్లీమీటరులు, చలనము కలదు, ఎడమ 3, చలనము కలదు. దారిలో మరల చూచి, 2 గంటల 35 నిమిషములు, కుడి 3, చలనము కలదు. ఎడమ 6, చలనము లేదు అని రెండవ పంక్తి వ్రాసినచో, ఆసుపత్రి వాకిట ఆ కాగితమును అందుకొను డాక్టరు, రోగిని దింపకముందే శస్త్రచికిత్స గదికి కబురు పంపును.